పిల్లికి ఫ్లీ మందు: రెండేళ్ల వాడకం తరువాత

ఫ్లీలంటే పిల్లి బొచ్చులో దాక్కుని రక్తం తాగే, గెంతే చిన్న పురుగులు. వాటికోసం పిల్లి మెడ మీద వేసే చుక్కల మందు గురించి అందరూ అడిగేది ఒకటే: వేసిన మర్నాటికి ఇల్లు బాగుపడుతుందా? బాగుపడదు. బాగుపడేది పిల్లి. ఈ ముక్క పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేస్తే సగం మంది మొదటి నెలలోనే మందును తిట్టి పక్కన పడేయరు.

మాది విజయవాడ మొగల్రాజపురంలో కింది అంతస్తు. మా మల్లికి పగలు సోఫా, రాత్రి ప్రహరీ గోడ. వీధి పిల్లులతో స్నేహమూ ఉంది, యుద్ధమూ ఉంది, కాబట్టి ఫ్లీలు రావడంలో వింత లేదు. మా చీలమండల చుట్టూ దద్దుర్లు చూసి మా అత్తయ్య దోమలన్నారు. మల్లిని సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి పొడిని తడి కాగితం మీద వేస్తే ఎర్రమట్టి రంగు పాకింది. అది ఫ్లీలు తాగి విసర్జించిన రక్తం. దోమల మీద కేసు అక్కడితో కొట్టేశాం.

మేము వాడేది ఫిప్రోనిల్, ఎస్-మెథోప్రీన్ రెండూ కలిసిన పిల్లుల మందు. అర మిల్లీలీటరు గొట్టం, నెలకు ఒకటి. ఫిప్రోనిల్ ఎదిగిన పురుగులను చంపుతుంది, రెండోది గుడ్లనూ లార్వాలనూ ఎదగనివ్వదు. చిక్కంతా ఇంట్లో ఉంటుంది. ఆడ ఫ్లీ రోజుకు 40 దాకా గుడ్లు పెడుతుంది. అవి బొచ్చుకు అంటుకోవు, పిల్లి పడుకున్న చోటల్లా రాలిపోతాయి. గుడ్డు లార్వాగా మారి చీకటి సందుల్లో దాక్కుని, చివరికి గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లో ఉన్నదాన్ని మందులు దాదాపు ఏమీ చేయలేవు. అలాగే నెలల తరబడి ఉండగలదు, అడుగుల అదురు, ఒంటి వేడి, మన ఊపిరి తగిలితే బయటికి దూకుతుంది. అందుకే మందు వేశాక కూడా కొత్త ఫ్లీలు కనిపిస్తూనే ఉంటాయి. మా ఇంట్లో మూడో నెలకు గాని దువ్వెన ఖాళీగా రాలేదు.

ఈలోగా దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి, సోఫా మడతల్లో వాక్యూమ్ పెట్టాలి, ఆ దుమ్మును వెంటనే బయట పారేయాలి. మన ఊరి ఎండ ఇక్కడ పనికొస్తుంది. గాలి పొడిగా ఉన్న మండుటెండకు లార్వాలు బతకవు. రోహిణి కార్తెలో పరుపులు డాబా ఎక్కించడం కన్నా చవకైన వైద్యం నాకు తెలియదు. వానాకాలపు ఉక్కపోత మాత్రం వాటికి పండగ. జూన్ తరువాత ఒక్క నెల కూడా మందు మానను.

ఫిర్యాదులూ ఉన్నాయి. వేసిన చోట బొచ్చు జిడ్డుగా అట్ట కడుతుంది, ఘాటు వాసన వస్తుంది, మల్లి అలిగి మంచం కిందికి పోతుంది. బొచ్చు పాయ తీసి చర్మం మీద, నాలుక అందని చోట వేయకపోతే మందు వృథా. నాకితే నోట నురగ వస్తుంది. ముందూ వెనకా రెండేసి రోజులు స్నానం కుదరదు. ఇది పేగుల్లో ఉండే బద్దె పురుగులకు మందు కాదు. ఫ్లీని మింగిన పిల్లికి అవి పట్టవచ్చు. తోక కింద బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే పశువైద్యుడిని వేరే మాత్ర అడగాలి.

ఒక దుకాణంలో కుక్కల మందు చేతిలో పెట్టి “సగం వేయండి, చాలు” అన్నారు. వద్దు. కుక్కల మందుల్లో కొన్నింటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. పిల్లి శరీరం దాన్ని విరిచి బయటికి పంపలేదు, వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణమే పోవచ్చు. కర్పూరం, కిరోసిన్ కూడా విషమే. పెద్దలు ఎంత ప్రేమగా చెప్పినా పిల్లి ఒంటికి రాయకండి.

ధర ఎక్కువే, అయినా మళ్లీ కొంటాను. ఎనిమిది వారాలు నిండని కూనలకు మాత్రం ఈ మందు పనికిరాదు. వాటికి దువ్వెన, పక్కన సబ్బునీళ్ల గిన్నె చాలు. దువ్వెనకు చిక్కినదాన్ని ఆ నీళ్లలో ముంచితే మళ్లీ గెంతలేదు.