భాకరాపేట దాకా వ్యానులో, తలకోన దాకా సైకిలు మీద

తిరుపతి నుంచి తలకోన జలపాతానికి సైకిలు మీద వెళ్లాలన్నది నా ఇరవై ఏళ్ల కోరిక. ఇన్నాళ్లూ తీరకపోవడానికి కారణం మోకాళ్లు కాదు, టమాటాలు. మదనపల్లె మార్కెట్టులో సరుకు ఎత్తుకున్న లారీలు భాకరాపేట ఘాట్ దిగి వచ్చేది ఈ రోడ్డు మీదికే. చంద్రగిరి దాటాక ఆ రోడ్డు అంచున సైకిలు తొక్కుతుంటే, వెనక హారన్ మోగిన ప్రతిసారీ ఇంట్లోవాళ్ల ముఖాలు వరుసగా కళ్ల ముందు తిరుగుతాయి. రెండుసార్లు బయలుదేరి, శ్రీనివాసమంగాపురంలో కల్యాణ వెంకటేశ్వరుడికి దణ్ణం పెట్టుకుని, బుద్ధిగా ఇంటికి తిరిగి వచ్చాను.

అందుకే ఊళ్లో ఒక అద్దె సైకిళ్ల దుకాణం వాళ్లు "ఘాట్ దాటించి దింపుతాం, అక్కడి నుంచి తొక్కండి" అంటున్నారని తెలియగానే ఫోను చేశాను. మనిషికి 900 రూపాయలు. అందులో గేరు సైకిలు, హెల్మెట్టు, రానూపోనూ వ్యాను, వెంట ఒక కుర్రాడు, తలా ఒక పులిహోర పొట్లం. దుకాణం పేరు రాయడం లేదు. కింద చెప్పబోయే లోపాన్ని వాళ్లు సరిదిద్దుకుంటారన్న ఆశ నాకింకా ఉంది.

నేను రైల్వే క్యారేజీ రిపేరు షాపులో 31 ఏళ్లు ఫిట్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. చక్రాలున్న దేన్నయినా ఎక్కేముందు వంగి కిందికి చూడడం, జేబులో చిన్న స్టీలు టేపు పెట్టుకోవడం, ఈ రెండు అలవాట్లూ ఇంకా పోలేదు. తోడుగా మా బావమరిదిని తీసుకెళ్లాను. అతనికి సైకిలంటే ప్రత్యేకమైన ప్రేమ ఏమీ లేదు, పులిహోర అని చెబితే వచ్చాడు.

తెల్లవారుజామున ఐదింటికి వ్యాను బయలుదేరింది. భాకరాపేటలో దించాక కూడా, వెలుతురు బాగా వచ్చేదాకా ఆ కుర్రాడు మమ్మల్ని సైకిలు ఎక్కనివ్వలేదు. శేషాచలం ఏనుగులు రాత్రిపూట పొలాల్లోకి దిగుతున్న కాలమిది. చీకట్లో గంట మోగించుకుంటూ వెళ్లి ఏనుగును పలకరించడం ఎవరికీ మంచిది కాదు. మా బావమరిది విసుక్కున్నాడు గానీ, ఆ అరగంట ఆపినందుకు దుకాణానికి నేను పూర్తి మార్కులు వేస్తున్నాను.

ఆ అరగంటలో సైకిళ్లు చూశాను. పళ్ల చక్రాలు ముందు 3, వెనక 8. బ్రేకు రబ్బర్లు కొత్తవి, హ్యాండిలు గట్టిగా ఉంది. తర్వాత చైను కొలిచాను. సైకిలు చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య అరంగుళం ఉంటుంది. 24 లింకులు కొలిస్తే కొత్త చైను సరిగ్గా 12 అంగుళాలు రావాలి. పిన్నులు అరిగేకొద్దీ ఆ కొలత పెరుగుతుంది. 12 మీద ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, పెరిగిందంటే ఆ చైను ఎప్పుడో మార్చవలసినది. నా సైకిలుకు 12 సరిగ్గా వచ్చింది.

"పోయిన వారమే కొత్త చైను వేశాం సార్" అన్నాడు కుర్రాడు గర్వంగా.

మా బావమరిది సైకిలుకు 12 మీద నూలు దాటింది. పాపం అనుకుని ఊరుకున్నాను.

హైవే వదిలి యర్రావారిపాళెం వైపు తిరిగిన తర్వాత సంగతి ఏమని చెప్పాలి! మొదట వినిపించింది నా సైకిలు ఫ్రీవీలు చప్పుడు. తిరుపతిలో సైకిలు తొక్కేటప్పుడు దానికి ఒక చప్పుడుందనే తెలియదు. తర్వాత టైరు కింద ఎండుటాకు నలిగిన శబ్దం, ఎక్కడో బోరు మోటారు, ఎవరో దూడను అదిలించడం. మేము తొక్కిన మొదటి గంటలో ఎదురైనవి రెండు పాల బండ్లు, ఒక ఆటో. మంచు ఇంకా విడవలేదు. ఎడమా కుడీ పొలాలు, వాటి వెనక గోడ కట్టినట్టు కొండ. నెరబైలులో టీ తాగుతుంటే అంగడి పెద్దావిడ "ఇంత దూరం తొక్కుకుంటూ వచ్చారా నాయనా, బస్సు రాలేదా?" అని జాలిపడింది. వ్యాను సంగతి ఆమెకు చెప్పలేదు.

నెరబైలు దాటాక ఎక్కుడు మొదలవుతుంది. గేర్ల విలువ తెలిసేది ఇక్కడే. నా పాత సైకిలుకు ముందు 44 పళ్లు, వెనక 18. పెడలు ఒక చుట్టు తిప్పితే బండి సుమారు ఐదున్నర మీటర్లు కదులుతుంది. చదునులో బాగుంటుంది, కొండ మీద ప్రాణం తీస్తుంది. ఈ సైకిలులో ముందు 24, వెనక 32 మీద వేస్తే ఒక చుట్టుకు కదిలేది 1.6 మీటర్లే. నడకకన్నా కాస్త వేగం, అంతే. అరవై దాటినవాడికి అంతకన్నా ఏం కావాలి?

కానీ నేను మొదట మధ్య గేరులో ఎక్కబోయాను. బలం పెట్టి తొక్కగానే టక్కుమని చైను పళ్ల మీద నుంచి జారింది. కాలు ఒక్కసారిగా కిందికి పోయి మోకాలు హ్యాండిలుకు కొట్టుకుంది. మళ్లీ తొక్కితే మళ్లీ టక్. దిగి, కళ్లజోడు పెట్టుకుని, వెనక పళ్ల చక్రాలను చూస్తే అప్పుడు అర్థమైంది. మధ్య చక్రాల పళ్లు కొడవలి మొనల్లా ఒక పక్కకు వంగి అరిగిపోయాయి. పాత చైనును సాగినన్నాళ్లూ వాడి, ఆ అరిగిన పళ్ల మీదే కొత్తది వేశారు. కొత్త చైను కొలత సరైనదే, పళ్ల కొలతే తప్పు. మా బావమరిది సైకిలుకు చైనూ పళ్లూ కలిసి అరిగాయి. ముప్పై ఏళ్ల దంపతుల్లా ఒకరి వంకర మరొకరికి సరిపోయింది. అది చప్పుడు లేకుండా కొండెక్కుతోంది.

"బావా, కొత్త చైను నీది, పాత చైను నాది కదూ?" అని ఒక మాట విసిరి ముందుకు వెళ్లిపోయాడు.

చివరికి అన్నిటికన్నా పెద్దదైన 32 పళ్ల చక్రం మీదే ఎక్కాను. ఎక్కువమంది వాడరు కాబట్టి అది అరగలేదు, చైను దాని మీద కుదురుగా నిలిచింది. తప్పు కుర్రాడిది కాదు. డబ్బు మిగుల్చుకోవడానికి చైను ఒక్కటే మార్పించిన యజమానిది.

ఆ జారుడు పుణ్యమా అని రోడ్డు పక్కన కూర్చోవడం, రాయిని దగ్గరగా చూడడం జరిగింది. లేత గులాబీ రంగు ముక్క ఒకటి చేతిలోకి తీసుకుంటే పటికబెల్లంలా తళుక్కుమంది. ఈ కొండలు ఒకప్పటి ఇసుక. ఇసుక గట్టిపడి ఇసుకరాయి అయింది, ఆ రాయి భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ ఇంకా బిగిసి క్వార్ట్‌జైటు అయింది. ఇసుకరాయిని పగలగొడితే రేణువుల మధ్యనుంచి విడిపోతుంది. ఇది రేణువులను కూడా చీల్చుకుంటూ పగులుతుంది. అంచు మీద వేలు ఆనించి చూడండి, కొత్త బ్లేడులా ఉంటుంది. తిరుమల శిలాతోరణం కూడా ఈ జాతి రాయే. తిరుమల ఘాట్ రోడ్డు మీద దీని పొరలు అంతకన్నా ఎన్నో కోట్ల ఏళ్లు పాతదైన గ్రానైటు మీద కూర్చున్న చోటును జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. బస్సులో వెళ్లేవాళ్లం ఆ మలుపులో వాంతి ఆపుకోవడంలో ఉంటాం కాబట్టి చూడం.

ఈ రాతి విషయం టైర్లకు కూడా సంబంధించినదే. వాన నీటికి కొట్టుకొచ్చిన పలుకులు రోడ్డు అంచున పడి ఉంటాయి. దుకాణం వాళ్లు టైర్లలో గాలి 80 పౌండ్లు నింపారు. టైరు పక్కన అచ్చువేసిన హద్దు 50 నుంచి 75. నేను భాకరాపేటలోనే కొంత వదిలేసి 55కు తెచ్చాను. కొంచెం మెత్తగా ఉన్న టైరు పలుకు మీద ఒదుగుతుంది, గట్టిగా ఉన్నది దాన్ని పొడిపించుకుంటుంది. మా బావమరిది వద్దన్నాడు. అటవీశాఖ గేటుకు కాస్త ముందు అతని వెనక చక్రం ఉస్సుమంది. అప్పుడు నేనూ ఒక మాట అన్నాను, ఇక్కడ రాయను.

పంక్చరు వేయడంలో మాత్రం ఆ కుర్రాడికి వంక పెట్టలేం. ట్యూబు మార్చేముందు టైరు లోపల చుట్టూ పాత గుడ్డ తిప్పాడు. గుడ్డ ఒకచోట పట్టుకుంది, అక్కడ బియ్యపుగింజంత రాతి పలుకు. వేలితో వెతికితే వేలు తెగుతుంది, వెతక్కపోతే కొత్త ట్యూబూ పోతుంది. పది నిమిషాల్లో పని ముగించాడు. నాకు శిష్యుడిగా వచ్చి ఉంటే బాగుండేది.

గేటు దాటాక అడవి. మొసలి వీపులా పగిలిన నల్లటి బెరడుతో ఎర్రచందనం చెట్లు కనిపిస్తాయి. జలపాతం గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను రాయను. 270 అడుగులు, నీళ్లు బాగానే ఉన్నాయి. సిద్ధేశ్వరస్వామి దర్శనం ప్రశాంతంగా జరిగింది. పులిహోరలో ఇంగువ సరిగ్గా పడింది. మా బావమరిది పొట్లాన్ని కోతి తీసుకుంది.

వెళ్లేవాళ్లు రోజు చూసుకుని వెళ్లండి. ఆదివారమైతే పది గంటలకల్లా కార్లు, జీపులు బారులు తీరుతాయి. కార్తీకమాసం సోమవారాల సంగతి చెప్పనక్కర్లేదు, వనభోజనాల వంటపాత్రలన్నీ ఈ రోడ్డు మీదే ఉంటాయి. మేము వెళ్లింది మార్గశిరంలో ఒక మంగళవారం. తిరుగు దారంతా దిగుడే, బ్రేకులు నమ్మకంగా పట్టాయి, పదిన్నరకు వ్యాను దగ్గరున్నాం.

ఐదు మార్కులకు మూడున్నర వేస్తాను. మూడు ఆ వ్యానుకు, దాన్ని నడిపే సమయపాలనకు. అర ఆ కుర్రాడి గుడ్డకు. సైకిలుకు ఏమీ లేదు.

మూడు వారాలకు మళ్లీ వెళ్లాను. నా సైకిలుకు వెనక పళ్ల చక్రాలు కొత్తవి వేశారు. కొలవడానికి జేబులో చెయ్యి పెట్టబోతే, కుర్రాడు తన జేబులోంచి టేపు తీశాడు.

"పన్నెండు సార్. చూసేశాను."

మా బావమరిది సైకిలుకు ఎంత వచ్చిందని అడిగాను. వ్యాను తలుపు వేయడానికి వెళ్లిపోయాడు.