బ్రోకర్ దారా, దత్తత దారా?

మా కోనసీమలో పెళ్లయి మూడేళ్లు దాటినా కడుపు పండలేదంటే పేరంటాల్లో చూపులు మారిపోతాయి. మా వీధిలో ఒక సీమంతానికి వెళ్తే గాజుల పళ్లెం మా వదిన దాకా వచ్చి, ఆగకుండా పక్కావిడ దగ్గరకు వెళ్లిపోయింది. దొంగచాటుగా పసిపిల్లల్ని అమ్మే బ్రోకర్ బేరం మొదలయ్యేది సరిగ్గా ఈ అవమానం దగ్గరే.

వాడు అమ్మేది గుట్టు. మగపిల్లాడే కావాలా, సరే. రంగు, కులం కూడా చెప్పేస్తాడు (నిజమో కాదో దేవుడికెరుక), ఆస్పత్రి కాగితాల్లో కన్నతల్లిగా మీ పేరే రాయిస్తాడు, మీరు నాలుగు నెలలు పుట్టింట్లో ఉండి వస్తే ఊరు నమ్మేస్తుంది. అటువైపు పెళ్లికాని పిల్లో, మూడోసారీ ఆడపిల్లే పుట్టిన కూలీ మనిషో ఉంటుంది, పరువో పేదరికమో ఆమె నోరు నొక్కేస్తుంది. జువెనైల్ జస్టిస్ చట్టం 81వ సెక్షన్ ప్రకారం అమ్మినవాళ్లకే కాదు, కొన్నవాళ్లకీ అయిదేళ్ల దాకా జైలు, లక్ష జరిమానా. చేతిలో పెరిగిన బిడ్డ కూడా దక్కదు.

కారా (చట్టబద్ధ దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) దారిలో గుట్టుండదు. పోర్టల్‌లో నమోదు, ఇంటికొచ్చి విచారణ, ఏళ్ల తరబడి ఎదురుచూపు, చివర్లో కలెక్టర్ ఉత్తర్వు. కన్నతల్లి శిశు సంక్షేమ కమిటీ ముందు బిడ్డని అప్పగించాక కూడా మనసు మార్చుకోవడానికి 60 రోజులుంటాయి, నాకు ఈ ఒక్క తేడా చాలు. ఎదురుచూపు నరకమే, కాదనను.

వదిన పేరు నమోదు చేయించుకుంది. ఇప్పుడు ఆవిడ టెన్షనల్లా "ఏ కులం పిల్లో" అంటున్న అత్తగారితోనే.