మూల అరలో మ్యాజిక్ కార్నర్: పాత వంటగదికి నప్పుతుందా?

ఎల్ ఆకారపు వంటగట్టు కింద మూల ఎప్పుడూ చీకటి గుయ్యారమే. ముందున్న గిన్నెలన్నీ తీస్తే తప్ప వెనకున్నది చేతికందదు. దీనికి మందుగా అమ్మేదే మ్యాజిక్ కార్నర్ అనే జారే బుట్టల ఫ్రేము. తలుపు లాగగానే ముందు బుట్టలు బయటికొచ్చి పక్కకు జరుగుతాయి. వాటి వెంటే వెనక బుట్టలు ఖాళీ అయిన చోటికి జారి వస్తాయి. పనితనం నిజంగా మెచ్చుకోదగ్గదే. కానీ పిల్లరూ డ్రైనూ షాఫ్టూ కదపడానికి వీల్లేని పాత అపార్ట్‌మెంట్లలో, తయారీదారు అనుకున్నంత ఖాళీ మూల దొరకడమే అరుదు.

ముందు పొడవు చూద్దాం. పక్క వరస లోతు తలుపుతో కలిపి 600 మి.మీ., హ్యాండిళ్లు ఒకదానికొకటి తగలకుండా మూలలో పెట్టే పట్టీ 50, తలుపు 450. అంటే మూల నుంచి 1100 మి.మీ. దీనికే పోతుంది. ఆ 50 పట్టీని మిగిల్చుకుందామని చూసేవాళ్లున్నారు. అలా చేస్తే తలుపు బయటికి రాగానే పక్క సొరుగు హ్యాండిల్‌కు కొట్టుకుంటుంది.

లోతు దగ్గర ఇంకా చిక్కు. లోపల సుమారు 500 మి.మీ. ఖాళీ కావాలి. 560 లోతు అరలోకి పిల్లర్ 100 పొడుచుకొస్తే మిగిలేది 460, వెనక బుట్టలు పట్టవు. సింకు నుంచి వచ్చే 40 మి.మీ. డ్రైన్ గొట్టం వెనక గోడ వెంట పోతుంటే బెండుతో కలిపి మరో 60 తింటుంది. గొట్టాన్ని వేరే దారిన తిప్పాలంటే మీటరుకు 20 నుంచి 25 మి.మీ. వాలు ఉండాలి; అది కుదరకపోతే దాని జోలికి పోకండి. గ్యాస్ ట్యూబు మాత్రం ఈ అరలోంచి వెళ్లనే కూడదు. కదిలే బుట్టకు రాసుకుని అరిగిపోతుంది.

గట్టు మీది పాత రాయి ఉంచేస్తున్నారా? 800 ఎత్తు గట్టులో రాయి 20, అర అడుగున నేలను ఆనుకునే పట్టీ (స్కర్టింగ్) 100, పైనా కిందా 18 మి.మీ. ప్లై కలిపి 36 పోతే మిగిలేది 644. ఫ్రేము ఎత్తు అంతకు మించితే కొనకండి. కుడి, ఎడమ మోడళ్లు వేరు, అదీ ఆర్డరులో సరిచూసుకోవాలి.

బిగింపులో ఎక్కువగా జరిగే తప్పు లెవల్‌ది. అర కొద్దిగా ముందుకు వాలినా బుట్టలు వాటంతటవే జారుకుంటాయి, తలుపు పూర్తిగా పడదు. అర అడుగున ఉండే కాళ్లు తిప్పి, పొడవునా లోతునా రెండు వైపులా లెవల్ చూశాకే ఫ్రేము బిగించాలి. బరువంతా అడుగు పలక మీదే పడుతుంది కాబట్టి అది 18 మి.మీ. నీటికి తట్టుకునే ప్లై అయి ఉండాలి. పార్టికల్ బోర్డులో స్క్రూలు కొన్నాళ్లకే వదులైపోతాయి. ఇనుప పెనాలు, నిండు కుక్కర్లు ఈ బుట్టల్లో వద్దు.

మూల ఖాళీగా, గోడలు గునియాకు (మూలమట్టానికి) సరిగ్గా ఉండి, కింది అరల మొత్తం పొడవు తక్కువైతే ఇది పెట్టించుకోవచ్చు. పిల్లర్ ఉన్న మూలైతే దాన్ని మూసేసి, అదే 450 తలుపు చోట 500 పొడవు, పూర్తిగా బయటికొచ్చే రన్నర్లతో (సొరుగు జారే పట్టాలతో) మూడు సొరుగులు వేయించడమే మేలు. రోజువారీ గిన్నెలకు అవే ముందు చేతికందుతాయి.