మందసం నుంచి మిస్పా దాకా: ఎనిమిది ఆడియో పాఠాలపై సమీక్ష

ప్రాచీన ఇశ్రాయేలులో వచ్చిన ఉజ్జీవం, అంటే జనం మళ్లీ దేవునివైపు తిరగడం గురించి చెప్పేవారు చాలావరకు మిస్పా అనే ఊరి దగ్గరే మొదలుపెడతారు. జనం కూడారు, ఉపవాసం ఉన్నారు, పాపం ఒప్పుకున్నారు, శత్రువులైన ఫిలిష్తీయులు ఓడిపోయారు అంటూ కథ ముగించేస్తారు. నేను గత నెలలో విని పూర్తిచేసిన ఈ ఎనిమిది ఆడియో పాఠాలు అలా కాక, బైబిలులోని సమూయేలు మొదటి గ్రంథం 4వ అధ్యాయంలోని ఓటమి దగ్గర మొదలై 7వ అధ్యాయం దాకా నిదానంగా నడుస్తాయి. ఒక్కో పాఠం ముప్పావు గంట ఉంటుంది, వెంట ప్రశ్నలతో ఒక చిన్న అభ్యాస పుస్తకం కూడా ఇస్తారు. భయభక్తులు పోయిన చోట పశ్చాత్తాపం వెంటనే మొలకెత్తదని, దానికి ఏళ్లు పడుతుందని ఇంత ఓపికగా చూపించిన బోధ నేను ఇంతకు ముందు వినలేదు.

మొదటి రెండు పాఠాలు తెలిసిన విషయాలే చెబుతాయి. ఫిలిష్తీయులతో యుద్ధంలో ఆఫెకు దగ్గర 4,000 మంది ఇశ్రాయేలీయులు పడిపోగానే పెద్దలు తమ బ్రతుకులను పరీక్షించుకోకుండా షిలోహు నుంచి మందసాన్ని, అంటే దేవుని సన్నిధికి గుర్తైన నిబంధన పెట్టెను, తెప్పించారనీ, దానిని రక్షరేకులా వాడుకోబోయి ఈసారి 30,000 మందినీ, మందసాన్నీ పోగొట్టుకున్నారనీ బోధకులు సూటిగా చెప్పారు. ఫిలిష్తీయుల దేశంలో మందసం ఉన్న ఏడు నెలలకు ఒక పాఠం సరిపోయింది.

ఈ పాఠాలకు ప్రాణం నాలుగోది, బేత్షెమెషు పాఠం. మందసాన్ని తిరిగి పంపడానికి ఫిలిష్తీయులు దూడలను ఇంట కట్టేసి, కాడి మోయడం ఎరుగని రెండు పాడి ఆవులను మందసం ఉన్న కొత్త బండికి కట్టి వదిలితే, అవి కుడికి గానీ ఎడమకు గానీ తిరగకుండా, అరుచుకుంటూనే తిన్నగా బేత్షెమెషు దారి పట్టాయి. ఫిలిష్తీయుల పట్టణమైన ఎక్రోను నుంచి అక్కడికి సుమారు 12 కిలోమీటర్లు. పొదుగు నిండా పాలున్న ఆవు దూడకు దూరమవుతూ ఎలా అరుస్తుందో తెలిసినవారికి ఆ దారి ఎంత పొడవైనదో అర్థమవుతుందని చెప్పి, బోధకులు కొన్ని క్షణాలు ఆగారు. అప్పటికి లోయలో గోధుమ కోతలు కోస్తున్నవారు తలెత్తి మందసాన్ని చూసి సంతోషించారు. ఆ సంతోషంలోనే కొందరు హద్దు దాటి మందసంలోకి తొంగిచూసి, దేవుని చేత హతమయ్యారు.

ఇక్కడ బోధకులు ఒక ముఖ్యమైన సంగతి ముందుకు తెచ్చారు. బేత్షెమెషు మామూలు ఊరు కాదు, యెహోషువ గ్రంథం ప్రకారం యాజకుడైన అహరోను సంతతికి ఇచ్చిన పట్టణం. పరిశుద్ధమైన వాటిని మోసే కహాతీయులు, అంటే అహరోను పుట్టిన లేవీ వంశశాఖవారు, క్షణమైనా చూడకూడదని సంఖ్యాకాండం 4వ అధ్యాయం హెచ్చరించింది. అంటే, ఫిలిష్తీయుల దేవుడైన దాగోను గుడిలోని పూజారులకు తెలియనిది వీరికి తెలుసు, తెలిసీ తేలిగ్గా తీసుకున్నారు. చనిపోయినవారి సంఖ్య విషయంలోనూ బోధకులు నిజాయతీగా ఉన్నారు. మన బైబిలులో 50,070 అని ఉన్నా, కొన్ని హెబ్రీ ప్రతుల్లో 70 మాత్రమే ఉందని, మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ కూడా 70 అనే రాశాడని దాచకుండా చెప్పి, సంఖ్య ఏదైనా పరిశుద్ధుడైన దేవుని ఎదుట ఎవరు నిలవగలరన్న ఆ ఊరివారి ప్రశ్న మారదని ముందుకు సాగారు.

ఐదో పాఠం మొత్తం ఒకే వచనం మీద సాగుతుంది. మందసం కిర్యత్యారీములో అబీనాదాబు ఇంట చేరాక గడిచిన 20 ఏళ్ల గురించి గ్రంథం దాదాపు ఏమీ చెప్పదు, ఇశ్రాయేలీయులు యెహోవా కోసం దుఃఖించారని తప్ప. నిజం చెప్పాలంటే, ఈ పాఠం వినేటప్పుడు నాకు కన్నీళ్లు ఆగలేదు. ఓటమి నాటి శిశువులు ఎదిగి పెద్దవారయ్యేంత కాలం ఒక జాతి లోలోపల కుమిలిపోవడం ఎలా ఉంటుందో ఊహించుకోమని బోధకులు అడిగారు. ప్రవక్త సమూయేలు పిలుపు ఆ తరువాతే వచ్చింది: మళ్లుకొనండి, కనాను దేశపు బయలు దేవతలనూ అష్తారోతు దేవతలనూ తీసివేయండి. మారుమనస్సు అనే మాటకు వెనుక ఉన్న హెబ్రీ క్రియకు 'వెనుదిరగడం' అనే అర్థం ఉందని, అది మనసులో కలిగే బాధతోనే ఆగదని ఇక్కడ చక్కగా వివరించారు.

మిస్పా పాఠంలో నాకు బాగా నచ్చింది ఉరుము గురించిన భాగం. సిరియా తీరంలోని రాస్ షమ్రాలో 1929లో మొదలైన తవ్వకాల్లో దొరికిన మట్టిపలకలు బయలును ఉరుములు, తుపానుల దేవుడిగా వర్ణిస్తాయి. జనం ఆ బయలును పారవేసి వచ్చిన రోజునే, సమూయేలు పాలు తాగే గొర్రెపిల్లను అర్పిస్తుండగా, యెహోవా ఫిలిష్తీయుల మీద ఉరిమాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపడంతో ఎన్నోసార్లు చదివిన వచనం నాకు కొత్తగా వినిపించింది.

లోపాలు లేకపోలేదు. ఇన్ని ఊళ్ల పేర్లు వచ్చే పాఠాలకు అభ్యాస పుస్తకంలో ఒక్క పటమైనా లేకపోవడం పెద్ద కొరత, నేను బైబిలు చివరి పటాన్ని తెరిచి పెట్టుకుని వినవలసి వచ్చింది. మిస్పాలో నీళ్లు చేది యెహోవా సన్నిధిని కుమ్మరించడానికి గ్రంథం కారణం చెప్పదు. బోధకులు మాత్రం అది హృదయాన్ని కుమ్మరించడానికి గుర్తని ఖాయంగా తేల్చేశారు, కనీసం ఇతర అభిప్రాయాలనైనా ప్రస్తావించి ఉండవలసింది. పుస్తకంలోని ప్రశ్నలు కూడా చాలావరకు 'ఎవరు, ఎక్కడ' అన్న స్థాయిని దాటవు.

అన్నిటికంటే నన్ను బాధించింది చివరి పాఠం. సమూయేలు విజయానికి గుర్తుగా నిలిపిన ఎబెనెజెరు రాయి దగ్గర ఎంతో అందంగా ఆగి, ఆ తరువాతి వచనాలను ఐదు నిమిషాల్లో ముగించారు. సమూయేలు ఏటేటా బేతేలుకు, గిల్గాలుకు, మిస్పాకు తిరుగుతూ న్యాయం తీర్చి, రామాలోని తన ఇంటికి చేరి అక్కడ బలిపీఠం కట్టాడు. ఒక్క రోజు ఉపవాసంతో వచ్చిన కదలికను జీవితమంతా కాపాడిన మనిషి నడక అది. పాఠాలను మళ్లీ రికార్డు చేసే ఆలోచన ఉంటే, ఆ నాలుగు ఊళ్ల కోసం తొమ్మిదో పాఠం చేర్చమని నా విన్నపం.