ఆరేళ్ళలో మూడు స్థాయిల గ్రూప్‌సెట్లు వాడాక

కొత్త మౌంటెన్ బైక్ చూడగానే అందరి చూపూ మొదట వెనక డెరైలర్ (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపే భాగం) మీద ఉన్న పేరు మీదికే పోతుంది. నేనూ అలాగే చూసేవాణ్ణి. ఆరేళ్ళలో మూడు స్థాయిల గ్రూప్‌సెట్లు, అంటే గేర్లు, బ్రేకుల భాగాల సెట్లు, వాడాక ఇప్పుడు షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేరు మార్చే మీట) చూస్తాను, తర్వాత బ్రేకులు. డెరైలర్ పేరు ఆఖరున.

మొదటి బైక్‌కి అన్నిటికన్నా కింది స్థాయి సెట్ వచ్చింది. ముందు పెడల్ దగ్గర మూడు చైన్‌రింగులు (చైన్ తిరిగే పళ్ళచక్రాలు), వెనక ఎనిమిది గేర్లు. చదును దారిలో ఏ లోటూ లేదు. రాళ్ళ దిగుడులో మాత్రం చైన్ ఎగిరెగిరి ఫ్రేమును కొట్టేది. దిగినంతసేపూ అదే టకటక. రైడుకి ఒకసారైనా చైన్ ఊడేది, ఆగి నల్లటి చేతులతో ఎక్కించుకోవాల్సిందే. ఏడాదిన్నర దాటేసరికి డెరైలర్ కీళ్ళు వదులయ్యాయి. డెరైలర్ కింద చైన్‌ని పట్టుకునే కేజ్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని ఊపితే పక్కలకు ఊగేది. అలా ఊగే దానికి కేబుల్ టెన్షన్ ఎంత సరిచేసినా గేరు నిలవదు. ఇంకోటి, ఈ స్థాయిలో బ్రేక్ రోటర్ (బ్రేక్ ప్యాడ్లు పట్టే డిస్క్) మీద చిన్న అక్షరాలతో ‘రెజిన్ ప్యాడ్ ఓన్లీ’, అంటే మెత్తటి రెజిన్ ప్యాడ్లే వేయాలి అని ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి రోటర్ మీద మెటల్ ప్యాడ్లు వేస్తే రోటరే త్వరగా అరిగిపోతుంది. బురదలో రెజిన్ ప్యాడ్లు త్వరగా అరుగుతాయి కాబట్టి అక్కడ ఎక్కువ తిరిగేవాళ్ళు కొనే ముందే వంగి ఆ అక్షరాలు చదవాలి.

తర్వాత మూడేళ్ళు సైకిల్ భాగాల కంపెనీ షిమానో వారి డియోర్, 12 గేర్లది. దాని పై స్థాయిలు వరుసగా ఎస్‌ఎల్‌ఎక్స్, ఎక్స్‌టీ, ఎక్స్‌టీఆర్. నా అనుభవంలో అసలైన పెద్ద మెట్టు ఇక్కడే ఉంది. ముందు ఒక్కటే చైన్‌రింగ్, దాని పళ్ళు ఒకటి లావు ఒకటి సన్నం కావడంతో చైన్‌ని పట్టి ఉంచుతాయి. డెరైలర్‌లో ఉన్న క్లచ్ కేజ్‌ని ముందుకు ఊగనివ్వదు. 2011లో ఎక్స్‌టీఆర్‌తో వచ్చిన ఆ క్లచ్ ఇప్పుడు డియోర్ దాకా దిగింది. మూడేళ్ళలో నాకు చైన్ ఊడింది ఒక్కసారే, అదీ బైక్‌తో సహా కిందపడ్డప్పుడు. వెనక 10 నుంచి 51 పళ్ళు కాబట్టి ముందు గేర్లు లేని లోటు ఏ ఎత్తులోనూ తెలియలేదు. ఒకసారి డెరైలర్ రాయికి గట్టిగా తగిలి, దాన్ని ఫ్రేముకు బిగించే హ్యాంగర్ వంగింది. హ్యాంగర్ నిటారు చేయించాక అదే డెరైలర్ ఒంటి నిండా గీతలతో ఇంకా పనిచేస్తోంది.

రెండో బైక్‌కి ఎక్స్‌టీ పూర్తి సెట్ పెట్టించి ఏడాదిన్నర నడిపాను. చైన్ శబ్దంలో, గేరు పడే వేగంలో డియోర్‌తో తేడా పట్టుకుందామని చాలాసార్లు వెంటవెంటనే రెండూ నడిపి చూశాను. కళ్ళు మూసుకుంటే చెప్పలేను. బరువు గేరుకు (తొక్కడానికి బరువుగా, వేగానికి పనికొచ్చే గేరు) మారేటప్పుడు పెడల్ మీద ఒత్తిడి ఉన్నా మెత్తగా పడే గుణం రెండింటికీ ఉంది.

షిఫ్టర్ దగ్గర మాత్రం కళ్ళు మూసుకున్నా చెప్పేస్తాను. ఎత్తు ఎక్కి శిఖరం దాటగానే దిగుడు మొదలవుతుంది, ఆ క్షణంలో గబగబా బరువు గేర్లకు వెళ్ళాలి. డియోర్‌లో, ఎస్‌ఎల్‌ఎక్స్‌లో ఒక్కో నొక్కుకి ఒక్కో గేరే. ఎక్స్‌టీలో బొటనవేలితో కాస్త లోతుగా నొక్కితే టక్ టక్ అని రెండు. వానలో, తడిసిన గ్లవ్‌లో వేలు మొద్దుబారినప్పుడు కూడా ఆ రెండు క్లిక్కులూ విడివిడిగా తెలుస్తాయి. రోజుకు కొన్ని వందలసార్లు తాకే భాగం అది. అక్కడ డబ్బు పెట్టినందుకు నాకు ఏనాడూ బాధ లేదు.

క్యాసెట్ (వెనక చక్రం మీది గేర్ల పళ్ళచక్రాల గుత్తి) కథ దీనికి పూర్తిగా తలకిందులు. 10-51 క్యాసెట్ డియోర్‌లో దాదాపు 593 గ్రాములు, ఎస్‌ఎల్‌ఎక్స్‌లో 534, ఎక్స్‌టీలో 470, ఎక్స్‌టీఆర్‌లో 367. పైకి వెళ్ళేకొద్దీ తగ్గే బరువు స్టీలు బదులు అల్యూమినియం, టైటానియం వాడటం వల్ల తగ్గేదే. అవి స్టీలు కన్నా త్వరగా అరుగుతాయి. నాలా సగం రైడు క్యాసెట్‌లోని పెద్ద పళ్ళచక్రం మీదే గడిపేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. అరిగి పారేసే వస్తువుకి అంత ధర పెట్టడం నాకు మనస్కరించదు. రేసులకి వెళ్ళేవాళ్ళ లెక్క వేరు.

బ్రేకుల్లో డియోర్ నాలుగు పిస్టన్లవే నా బరువుకి సరిపోయాయి. ఎస్‌ఎల్‌ఎక్స్‌కి వెళితే లీవర్ దూరాన్ని పనిముట్టు లేకుండా వేళ్ళతోనే మార్చుకోవచ్చు. చలికి మందం గ్లవ్‌లు వేసుకున్న రోజు అది ఎంత సుఖమో!

కొనేవాళ్ళు రెండు చోట్ల జాగ్రత్తపడాలి. చాలా బైకుల్లో కంటికి కనిపించే డెరైలర్ ఒక్కటే ఎక్స్‌టీ ఉంటుంది, షిఫ్టర్, చైన్, క్యాసెట్ కింది స్థాయివి. రెండోది ఫ్రీహబ్, అంటే వెనక చక్రం మధ్యలో క్యాసెట్ కూర్చునే భాగం. షిమానోకి పోటీ కంపెనీ స్రామ్ వారి కింది స్థాయి ఎస్‌ఎక్స్, ఎన్‌ఎక్స్ ఈగల్ క్యాసెట్లు పాత తరహా ఫ్రీహబ్ మీద కూర్చుంటాయి, అందుకే చిన్న పళ్ళచక్రం 11 పళ్ళ దగ్గర ఆగుతుంది. వాటి పై స్థాయి జీఎక్స్‌కి ఎక్కాలంటే ఎక్స్‌డీ డ్రైవర్ అనే వేరే రకం ఫ్రీహబ్ కావాలి. షిమానో 10-51కి మైక్రో స్ప్లైన్ అనే ఇంకో రకం కావాలి. తర్వాత మార్చుకుందాంలే అనుకుంటే క్యాసెట్‌తో పాటు ఫ్రీహబ్, ఒక్కోసారి బైక్ వెనక చక్రమే మార్చాల్సి వస్తుంది.

షిమానో 12 గేర్ల భాగాలు ఒకదానితో ఒకటి కలుస్తాయి కాబట్టి ఇప్పుడు రెండు బైకులకీ కలగలుపు సెట్టే: ఎక్స్‌టీ షిఫ్టర్, రాళ్ళకి తగిలే డెరైలర్ డియోర్, క్యాసెట్ డియోర్, బ్రేకులు ఎస్‌ఎల్‌ఎక్స్. చైన్ సాగుదలను నెలకోసారి గేజ్‌తో కొలుస్తాను. 0.5 శాతం గుర్తు చైన్‌లోకి దిగిందంటే ఆ వారమే కొత్త చైన్. అలా రెండు చైన్లు మార్చాను, క్యాసెట్ మాత్రం మొదటిదే.