ఖజానా దగ్గరే ఆగిపోకండి: పెట్రాకు రెండు రోజులు ఎందుకు కావాలి

నిధుల వేట సినిమాలు ఇష్టపడే చాలామందికి జోర్డాన్‌లోని ప్రాచీన రాతి నగరం పెట్రా పరిచయమైంది 1989లో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ది లాస్ట్ క్రూసేడ్’తోనే. ఇరుకైన లోయలో గుర్రాల మీద వెళ్తుంటారు. మలుపు తిరగ్గానే కొండలో తొలిచిన ఆలయం ఎదురవుతుంది. క్రీస్తు వాడిన పాత్ర అందులోనే ఉంటుంది. సినిమాలో ప్రయాణం అక్కడితో అయిపోతుంది. జోర్డాన్‌లో మాత్రం ‘ఖజానా’ అని పిలిచే ఆ ముఖద్వారం దగ్గరే ఊరు మొదలవుతుంది. అసలు నగరమంతా దాని వెనకాల కొన్ని కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. చాలామంది ఖజానా ముందు ఫోటో దిగి, కాస్త ముందుకు నడిచి, మధ్యాహ్నానికి బస్సెక్కేస్తారు. అంత దూరం వచ్చి అలా వెళ్లిపోతుంటే చూసేవాళ్లకే బాధేస్తుంది.

ముందు టికెట్ లెక్క చూడండి. జోర్డాన్‌లో రాత్రి బస చేసేవాళ్లకు పెట్రా టికెట్ ఒక రోజుకు 50 దీనార్లు, రెండు రోజులకు 55, మూడు రోజులకు 60. ఒక దీనార్ దాదాపు 1.41 అమెరికన్ డాలర్లు. అంటే రెండో రోజుకు అదనంగా పడేది 5 దీనార్లే. ‘జోర్డాన్ పాస్’ తీసుకుంటే పెట్రాలో ఎన్ని రోజులు తిరుగుతారన్నదాన్ని బట్టి 70, 75 లేదా 80 దీనార్లు. జెరాష్ రోమన్ శిథిలాలు, రాజధాని అమ్మాన్‌లోని కోట, వాదీ రమ్ ఎడారి లాంటివి కూడా దానిలోనే వస్తాయి. దేశంలో కనీసం మూడు రాత్రులు ఉంటే 40 దీనార్ల వీసా రుసుము మాఫీ. కాకపోతే ఈ పాస్‌ను దేశంలో దిగకముందే ఆన్‌లైన్లో కొనుక్కోవాలి. దిగాక కొంటే వీసా రాయితీ రాదు. ధరలు, భారతీయులకు వీసా నిబంధనలు బయల్దేరే ముందు అధికారిక సైట్లలో మరోసారి సరిచూసుకోండి.

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు దుబాయ్, దోహా లాంటి గల్ఫ్ నగరాల్లో విమానం మారడం తేలిక. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లకైతే ఇది నాలుగైదు రోజుల సెలవులో అయిపోయే ప్రయాణం. అమ్మాన్ నుంచి పెట్రా పక్కనున్న వాదీ మూసాకు సుమారు 235 కిలోమీటర్లు. జెట్ కంపెనీ బస్సు ఉదయాన్నే అబ్దలీ నుంచి బయల్దేరుతుంది, నాలుగు గంటల లోపు చేరుస్తుంది. సీటు ముందే బుక్ చేసుకోండి. దక్షిణ బస్టాండు నుంచి మినీబస్సులూ ఉన్నాయి, చవకే, కానీ నిండితేనే కదులుతాయి. దక్షిణాన ఉన్న రేవు పట్టణం అకాబాలో దిగితే దూరం సగమే. బస్సులో వెళ్లి అదే రోజు తిరిగొచ్చే పద్ధతి మాత్రం వద్దు. ఎండ నడినెత్తికొచ్చాక, జనం కిక్కిరిసిన వేళ లోపలికి అడుగుపెడతారు.

బస విషయంలో నా సలహా ఒక్కటే, గేటుకు నడిచి వెళ్లేంత దగ్గర ఉండండి. వాదీ మూసా మొత్తం కొండవాలు మీద ఉంది. పై ఊళ్లో హోటళ్లు బాగా చవక, పైగా సూర్యాస్తమయం అద్భుతంగా కనిపిస్తుంది. కానీ 15 కిలోమీటర్లు నడిచిన కాళ్లతో ఆ ఎత్తు ఎక్కలేక టాక్సీ పిలుస్తారు, మిగిలిందనుకున్న డబ్బు అక్కడే పోతుంది. గేటు పక్కనే మోవెన్‌పిక్, పెట్రా గెస్ట్ హౌస్ ఉన్నాయి. గెస్ట్ హౌస్‌కు చెందిన కేవ్ బార్, పెట్రాను కట్టిన నబాతియన్ల కాలంనాటి రాతి సమాధిలో నడుస్తోంది. అక్కడ గది తీసుకోకపోయినా సాయంత్రం ఓసారి వెళ్లి కూర్చోవచ్చు. వాటికి కొంచెం పైన మధ్యతరగతి హోటళ్లు వరుసగా ఉంటాయి, చాలామందికి అవే సరిపోతాయి. దగ్గర్లోని లిటిల్ పెట్రా వైపు బెదూయిన్ అనే ఎడారి తెగలవాళ్ల శిబిరాల్లో ఒక రాత్రి గడపడం బాగుంటుంది గానీ, చలికాలంలో రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడిపోతుంది. గుడారంలో హీటర్ ఉందో లేదో, దుప్పట్లు ఎన్నిస్తారో అడగకుండా డబ్బు కట్టొద్దు.

ఇక లోపలికి. గేట్లు మామూలుగా ఉదయం ఆరుకే తెరుస్తారు, ఆ సమయానికే అక్కడ ఉండండి. అక్కడి నుంచి సీక్ అనే ఇరుకు లోయ మొదలయ్యేదాకా కిలోమీటరు లోపే. ఈ ముక్కకు గుర్రం సవారీ టికెట్‌లోనే ఉందని చెబుతారు, నిజమే. అయితే దిగాక బక్షీష్ గట్టిగా అడుగుతారు, ఎంతిస్తారో ఎక్కకముందే తేల్చుకోండి. సినిమాలోలా సీక్‌లో గుర్రం మీద వెళ్లడం ఇప్పుడు కుదరదు. నడవలేనివాళ్ల కోసం బ్యాటరీ బండ్లు నడుపుతున్నారు. పెద్దవాళ్లను తీసుకెళ్తే తిరుగు ప్రయాణానికి తప్పక వాడండి, ఎందుకంటే గేటు వైపు దారంతా ఎత్తే.

సీక్ పొడవు 1.2 కిలోమీటర్లు. కొన్నిచోట్ల వెడల్పు మూడు మీటర్లే, గోడలు మాత్రం 80 మీటర్లు దాటిపోతాయి. ఖజానా కోసం పరుగెత్తకుండా గోడల్ని చూస్తూ నడవండి. ఒకవైపు రాతిలో తొలిచిన నీటి కాలువ, మరోవైపు మట్టి గొట్టాలు పరిచిన గాడి మీ వెంటే వస్తాయి. ఎడారిలో ఇంత నగరం బతికింది ఆ నీళ్లతోనే. ఒకచోట ఒంటెల్ని నడిపించుకెళ్లే మనిషి శిల్పం ఉంది. పైభాగం అరిగిపోయి పాదాలు, అంగీ అంచు, ఒంటె కాళ్లు మాత్రమే మిగిలాయి.

ఖజానా ఎత్తు దాదాపు 40 మీటర్లు. తొమ్మిది దాటాక గంటన్నరపాటు ఎండ నేరుగా దాని మీద పడుతుంది, రంగు అప్పుడే తేలుతుంది. జనం లేని ఫోటో కావాలంటే ఏడు లోపే రావాలి. రెండూ ఒకే సమయంలో దొరకవు, రెండో రోజు ఉండాలనడానికి ఇదీ ఒక కారణం. లోపలికి ఎవర్నీ పోనివ్వరు. పోయినా ఉన్నవి బోసి రాతి గదులే. సినిమాలోని ఉచ్చులు, పానపాత్రలు, ముసలి వీరుడు కనిపించే లోపలి దృశ్యాలు ఇంగ్లండ్‌లోని ఎల్‌స్ట్రీ స్టూడియోలో వేసిన సెట్లు. పైకి చూస్తే శిఖరం మీద రాతి కలశం, దాని నిండా తూటాల గుంటలు. అందులో ఫరో నిధి దాచాడని నమ్మి బెదూయిన్లు తుపాకులు పేల్చారు. అది గట్టి ఇసుకరాయి, లోపల బోలు కూడా లేదు. నిజమైన తవ్వకం నేల కింద జరిగింది. ముంగిట కింద ఒక సమాధిలో 12 అస్థిపంజరాలు బయటపడ్డాయని 2024లో ప్రకటించారు. వాటిలో ఒకటి పగిలిన కూజా పైభాగాన్ని చేతుల్లో పట్టుకుని ఉండటంతో లోకమంతా ఆ సినిమానే గుర్తు చేసుకుంది.

పైనుంచి ఖజానాను చూడాలంటే దగ్గరి గుట్ట ఎక్కిస్తామని కొందరు వెంటపడతారు. జారే రాయి, పట్టు లేని అంచులు, డబ్బు మీద వాదన. అటు పోకండి. రాజ సమాధుల పక్క నుంచి వెళ్లే అల్-ఖుబ్థా మెట్ల దారి పట్టండి. గంట పడుతుంది, దారి స్పష్టంగా ఉంటుంది, చివర్న టీ గుడారం దగ్గరి నుంచి ఖజానా నేరుగా కిందే కనిపిస్తుంది. టీ కొంటేనే అక్కడ నిలబడనిస్తారు, అది న్యాయమే.

మొదటి రోజుకు ఇది చాలు. రెండో రోజు ‘మఠం’ అని పిలిచే కొండపై రాతి కట్టడం అద్-దైర్‌కు కేటాయించండి. సుమారు 850 మెట్లు, గేటు నుంచి రానూపోనూ 12 కిలోమీటర్ల వరకు పడుతుంది. మధ్యాహ్నం వెళ్లడమే మేలు, మెట్ల దారి చాలావరకు నీడలో ఉంటుంది, పడమటి ఎండ ముఖద్వారం మీద పడుతుంది. ఖజానా కంటే ఇది పెద్దది, ముందు బోలెడంత ఖాళీ స్థలం. ఒక్కటే చూడగలరంటే దీన్నే ఎంచుకోమంటాను. చలికాలంలో గేట్లు త్వరగా మూస్తారు, కాబట్టి పైనుంచి గేటుకు రెండున్నర గంటలు లెక్కేసుకుని దిగండి. గాడిద మీద ఎక్కొద్దు. అరిగిన మెట్ల మీద అది జారితే పక్కన లోయ, దానికీ అంత బరువుతో ఆ ఎక్కుడు నరకం.

మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, పట్టున్న బూట్లు, చిల్లర దీనార్లు దగ్గరుంచుకోండి. శాకాహారులు ఫలాఫెల్, హమ్మస్‌తోనే సరిపెట్టుకోనక్కర్లేదు. టమాటాలు, వెల్లుల్లి, పచ్చిమిర్చి నూనెలో మగ్గించే గలాయత్ బందోరా అడగండి, మన టమాటా కూరకు చాలా దగ్గర. మఖ్లూబా అన్నంలో మాంసం ఉంటుంది, ముందే చెబితే కొన్ని హోటళ్లు కూరగాయలతో చేస్తాయి.

నవంబరు నుంచి మార్చి మధ్య వెళ్తే వాన సూచన చూడకుండా గది వదలొద్దు. ఎక్కడో కొండల్లో పడిన వాన నిమిషాల్లో సీక్‌లోకి దూకుతుంది. 1963లో ఫ్రెంచి యాత్రికుల బృందం అందులో కొట్టుకుపోయింది. 2018 నవంబరులో వేలమందిని ఖాళీ చేయించారు. సిబ్బంది బయటకు రమ్మంటే బేరాలాడొద్దు. ఎత్తయిన చోటికి వెళ్లమంటే ఖజానా ముంగిట నిలబడి వీడియో తీయొద్దు. వాదీ మూసా నుంచి వాదీ రమ్‌కు వెళ్లేవాళ్లు మాత్రం ముందు రోజు సాయంత్రమే హోటల్‌వాళ్లకు చెప్పి మినీబస్సులో చోటు పెట్టించుకోవాలి. అది తెల్లవారుతూనే వెళ్లిపోతుంది, తప్పితే టాక్సీయే దిక్కు.