ఐదేళ్లు వాడిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, అందులో ఒక్క మీట

బెంగళూరు ఎస్పీ రోడ్డు పక్క సందులో మాది ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు. మామయ్య హిందూపురం నుంచి వచ్చి పెట్టారు. ఐదేళ్లుగా బిల్లులు నేను చూస్తున్నాను. స్టాకు, బార్‌కోడు, జీఎస్టీ రిటర్నులు ఈ ధరలో అందరూ ఇచ్చేవే కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పదలుచుకున్నది బిల్లు తెర మీద కుడిపక్కనున్న ఒక్క మీట గురించి.

మా దగ్గర రెండు రకాల బిల్లులు. ఒక బల్బో, రెండు సాకెట్లో కొనుక్కునేవాళ్లకి ఎమ్మార్పీ, పన్ను అందులోనే ఉంటుంది. కాంట్రాక్టర్లకి రేటు విడిగా మాట్లాడుకుంటాం, దాని మీద 18 శాతం పడుతుంది. రోజుకి ఇరవైసార్లు ఇటూ అటూ మార్చాలి. పాత వెర్షన్‌లో దీనికి ఒక టిక్కు డబ్బా ఉండేది, పక్కన 'ట్యాక్స్ ఇంక్లూజివ్' అన్న మాట. టిక్కు పెడితే పన్ను కలిసినట్టు, తీసేస్తే కలవనట్టు. మూడేళ్ల పాటు దాని గురించి ఆలోచించే పనే పడలేదు.

కొత్త వెర్షన్‌లో ఆ డబ్బా పోయి, ఫోన్లలో ఉండే జరిపే మీట వచ్చింది. ఒకవైపుకి జరిపితే ఆకుపచ్చ, ఇంకోవైపుకి బూడిదరంగు. పక్కనున్న మాట కూడా దాంతోపాటే మారుతుంది: ఒకసారి 'ట్యాక్స్ ఇంక్లూజివ్', నొక్కితే 'ట్యాక్స్ ఎక్స్‌క్లూజివ్'. ఆ మాట ఇప్పుడు ఏముందో చెబుతోందా, నొక్కితే ఏమవుతుందో చెబుతోందా? మొదటి వారం నేనే రెండుసార్లు నొక్కి, కింద మొత్తం పెరిగిందా తగ్గిందా చూసి తెలుసుకున్నాను. ఇంకో సంగతి, ముందు బిల్లుకి ఎటు ఉంటే తర్వాతి బిల్లుకీ అటే ఉండిపోతుంది.

ఒక శనివారం నేను బ్యాంకుకి వెళ్లాను. మారతహళ్లి నుంచి పాత కాంట్రాక్టరు వచ్చి వైరు కాయిల్స్, ఎంసీబీలు (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చులు), మాడ్యులర్ స్విచ్చులు తీసుకున్నాడు. పన్ను కాకుండా 46,000. బిల్లు 54,280 రావాలి. మామయ్య వేసిన బిల్లు 46,000కే వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఆ 46,000లోనే పన్నుందనుకుని, సరుకు విలువ 38,983 అని, పన్ను 7,017 అని లోపల విడగొట్టేసింది. అతను యూపీఐలో కట్టేసి సరుకు ఆటోలో వేసుకుని వెళ్లిపోయాడు. రాత్రి లెక్క చూస్తే 8,280 తక్కువ.

"నేను చూసే వేశానమ్మా" అన్నారు మామయ్య. అడిగితే వివరంగా చెప్పారు. ఆ తెర మీద సేవ్ అని ఉంటే నొక్కితే సేవ్ అవుతుంది, ప్రింట్ అని ఉంటే నొక్కితే ప్రింట్ అవుతుంది. మరి 'ట్యాక్స్ ఇంక్లూజివ్' అని ఉంటే, నొక్కితే ఇంక్లూజివ్ అవుతుంది, అంటే ఇప్పుడు కాదు అని అనుకున్నారట. ఎన్నిసార్లు ఆలోచించినా ఆయన చదివిన తీరులో నాకు తప్పు కనిపించలేదు. పక్కపక్కనే ఉన్న వాటిలో మిగతావి ఒక పద్ధతిలో, ఇదొక్కటి ఇంకో పద్ధతిలో మాట్లాడితే మనిషి ఏం చేస్తాడు?

రంగు చూడొచ్చు కదా అంటారేమో. మామయ్యకి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. అలాంటి కళ్లకి ఆకుపచ్చ, బూడిదరంగు కూడా దగ్గరగానే ఉంటాయి. వైరు కాయిల్ తీసేటప్పుడు ఆయన అట్టపెట్టె మీద రంగు పేరు చదివి ఇస్తారు. ముప్పై ఏళ్లలో ఒక్కరికి కూడా ఫేజుకి బదులు ఎర్తు కాయిల్ ఇవ్వలేదు. మేం అమ్మే పవర్ స్ట్రిప్పు స్విచ్చు మీద కూడా ఆన్‌కి నిలువు గీత, ఆఫ్‌కి సున్నా అచ్చేసి ఉంటాయి. రంగు దీపం ఉన్నా, గీతా సున్నా ఉంటాయి. గోడ స్విచ్చయితే మన దేశంలో కిందికి నొక్కితే ఆన్, అమెరికాలో పైకి. అక్కడి నుంచి వచ్చిన పిల్లలు మా డెమో బోర్డు దగ్గర ఒక్క క్షణం తడబడతారు, దీపం వెలగ్గానే సర్దుకుంటారు. ఇక్కడ వెలిగే దీపం లేదు. కింద మూలన ఒక అంకె మారుతుంది, అంతే.

ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే మా తమ్ముడికి చూపిస్తే, మైక్రోసాఫ్ట్ తన డిజైన్ సూచనల్లోనే ఇది రాసిందన్నాడు: నొక్కిన వెంటనే పని జరిగిపోయే చోట జరిపే మీట, తర్వాత సేవ్ నొక్కాల్సిన చోట టిక్కు డబ్బా. రంగు ఒక్కదాని మీదే సమాచారం నిలబెట్టకూడదని వెబ్ ప్రమాణాల్లో కూడా ఉందట. ఆ రెండూ కాగితం మీద రాసుకుని కంపెనీకి ఫోన్ చేశాను. అవతలి అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు గానీ, "ఇప్పుడన్నీ ఇలాగే ఉంటున్నాయి మేడమ్" అన్నాడు. ఫోన్లో వైఫై మీట నొక్కితే పైన గుర్తు వెంటనే వస్తుంది కదా, మీదాంట్లో ఏం వస్తుంది అని అడిగాను. రాసుకుంటానన్నాడు.

కాంట్రాక్టరుకి డెబిట్ నోటు, అంటే బిల్లులో తక్కువపడిన డబ్బు అడిగే కాగితం, పంపాం. తను పని చేస్తున్న ఇంటి ఓనరుకి అప్పటికే లెక్క ఇచ్చేశానని చెప్పి, సగమే ఇచ్చాడు. పాత మనిషి, మామయ్య గట్టిగా అడగలేదు.

ఎనిమిది నెలలకి ఒక అప్‌డేట్ వచ్చింది. మీట లేదు! ఆ చోట రెండు గుండ్రటి గుర్తులు, ఎదురుగా రెండు మాటలు: 'ధరలో పన్ను ఉంది', 'ధర మీద పన్ను వేయాలి', ఇంగ్లీషులోనే గానీ పూర్తి వాక్యాలుగా. రెండూ ఎప్పుడూ కనిపిస్తాయి, ఎంచుకున్న దాంట్లో చుక్క. ఆల్ట్‌తో నొక్కాల్సిన అక్షరం కింద గీత కూడా ఉంది. నాకు నిజంగా కళ్లు చెమర్చాయి. మామయ్య రెండు బిల్లులు వేసి చూసి, ఏమీ మాట్లాడకుండా మూడోది మొదలుపెట్టారు.

ఐతే సెట్టింగుల్లో ఇంకా నాలుగైదు అలాంటి మీటలే ఉన్నాయి, 'రౌండ్ ఆఫ్' దగ్గర నాకిప్పటికీ అనుమానమే. కీబోర్డు మీదే బిల్లంతా అయిపోతుందని మా సందులో ముగ్గురికి చెప్పి కొనిపించాను. విడి కీబోర్డు ఉన్నవాళ్లకి అది నిజమే. ల్యాప్‌టాప్ పెట్టుకున్న ఒకాయన కీబోర్డు పై వరసలో ఉండే ఎఫ్1, ఎఫ్2 లాంటి మీటలకి ప్రతిసారీ ఎఫ్‌ఎన్ మీట కలిపి నొక్కాల్సి వస్తోందని విసుక్కుంటున్నారు. ఇద్దరమే బిల్లు వేసే ఒక్క కౌంటరు కొట్టుకి ఇది సరిపోతుంది. ఎమ్మార్పీ ఒక్కదాని మీదే అమ్మేవాళ్లకి నా గొడవ అసలు ఎదురే కాకపోవచ్చు. మూడేళ్లకి కడితే తగ్గింపు ఇస్తామన్నారు గానీ, ఈసారి ఒక్క ఏడాదికే కట్టాను.